సగం లెన్స్ మూసేస్తే సగం బొమ్మ ఎందుకు రాదు?

పరకాల నుంచి ఒక అన్న అడిగిన ప్రశ్న ఇది: "మా పిల్లగాడు పదో తరగతి. కుంభాకార కటకం (మధ్యలో ఉబ్బుగా ఉండే లెన్స్) సగానికి నల్ల కాగితం అంటించినా తెర మీద బొమ్మ పూర్తిగానే వస్తుందని వాళ్ళ సారు చెప్పిండట. సగం మూస్తే సగం బొమ్మే కదా రావాలె? అసలు గాజు ముక్క బొమ్మను ఎట్ల తయారు చేస్తది?"

సారు చెప్పింది కరెక్టే అన్నా. బొమ్మ పూర్తిగానే వస్తుంది, వెలుగు మాత్రం తగ్గుతుంది. పరీక్షలో ఈ ఒక్క ముక్క రాసినా మార్కు పడుతుంది. కానీ మీరు అడిగిన రెండో ప్రశ్న ఉంది చూడండి, దాని జవాబు తెలియకపోతే మొదటిది ఉత్త బట్టీయే. నేను హనుమకొండలో ముప్పై ఏళ్ళ పైనుంచి కళ్ళద్దాల పనిలో ఉన్నాను, అందులో మొదటి పదేళ్ళు గాజు అరగదీసే గదిలోనే గడిచాయి. కాబట్టి కొంచెం పొడుగ్గానే చెప్తాను, తీరిక ఉన్నప్పుడు చదవండి.

మొదట మా నాయనమ్మ కళ్ళద్దాల సంగతి. ఆమెకు మోతిబిందు ఆపరేషన్ అయిన రోజుల్లో కంట్లో లెన్స్ తీసేసేవాళ్ళు, దాని జాగాలో ఇంకోటి పెట్టేవాళ్ళు కాదు. (ఇంగ్లండులో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు 1949లోనే కంటి లోపల ప్లాస్టిక్ లెన్స్ పెట్టి చూపించాడు గానీ అది మన ఊళ్ళ దాకా రావడానికి చాలా ఏళ్ళు పట్టింది.) అందుకని ఆపరేషన్ అయిన ప్రతి ముసలమ్మకూ, ముసలాయనకూ ప్లస్ 10 చుట్టుపక్కల పవర్ ఉన్న సోడాబుడ్డి అద్దాలు. 1 మీటరును పవర్‌తో భాగిస్తే వచ్చేదే నాభ్యంతరం, అంటే ప్లస్ 10 అద్దం ఎండను 10 సెంటీమీటర్ల దూరంలో ఒక చోటికి చేరుస్తుంది. ఒకరోజు ఆ అద్దాలు వాకిట్లో బండ మీద పడి ఒక వైపు గాజు సరిగ్గా మధ్యకు రెండుగా పగిలింది. కొత్తవి వచ్చాక పగిలిన ముక్క ఒకటి నేను దాచుకున్నాను. ఎండాకాలం, ఇంటి వెనకాల, ఎండిన మోదుగాకు. సగం అద్దమే కదా, ఎండ మచ్చ కూడా సగం చందమామ లాగా పడుతుందనుకున్నాను. పడలేదు. గుండ్రంగానే పడింది, ఎప్పటిలాగే ఆవగింజ కంటే చిన్నగా. కాకపోతే ఆకు పొగ లేవడానికి ఎక్కువసేపు పట్టింది. ఎందుకిలా అని అప్పుడు ఎవరినీ అడగలేదు, ఎందుకంటే పొగ చూసి మా బాపు వచ్చాడు, వీపు విమానం మోత మోగింది.

మీ ప్రశ్నకు జవాబంతా ఆ గుండ్రటి మచ్చలోనే ఉంది. అది ఉత్త మచ్చ కాదు, సూర్యుడి బొమ్మ. సూర్యుడు మన కంటికి దాదాపు అర డిగ్రీ వెడల్పున కనిపిస్తాడు, ఆ లెక్కన 10 సెంటీమీటర్ల నాభ్యంతరానికి బొమ్మ 1 మిల్లీమీటరు కంటే కాస్త తక్కువ వస్తుంది. అదే ప్లస్ 2 రీడింగ్ గ్లాస్ అయితే నాభ్యంతరం 50 సెంటీమీటర్లు, బొమ్మ నాలుగున్నర మిల్లీమీటర్లు, ఎండ అంత మేర పరుచుకుంటుంది కాబట్టి ఆకు కాలదు, పిల్లలు విసుగొచ్చి వదిలేస్తారు.

లెన్స్‌ను కాసేపు పక్కన పెట్టండి. మధ్యాహ్నం చింతచెట్టు కింద నిలబడి నేల మీద చూడండి. ఆకుల సందులు ఎలా ఉన్నా, కోలగా ఉన్నా, మూడు మూలలుగా ఉన్నా, కింద పడే వెలుగు మచ్చలు చాలావరకు గుండ్రంగానే ఉంటాయి. ప్రతి మచ్చా సూర్యుడి బొమ్మే కాబట్టి. 2019 డిసెంబర్ 26 పొద్దున గ్రహణం పట్టినప్పుడు అవే మచ్చలు కొడవళ్ళలాగా మారడం మీలో కొందరైనా చూసే ఉంటారు. అంటే బొమ్మ రావడానికి గాజే అక్కర్లేదు, చిన్న కంత చాలు. కంత చిన్నదైతే ఎదురుగా ఉన్న వస్తువులో ఒక్కో చుక్క నుంచి వచ్చే వెలుగు తెర మీద ఒక్కో చోటే పడుతుంది, పైదాని వెలుగు కిందికి, కిందిదాని వెలుగు పైకి, తలకిందుల బొమ్మ రెడీ. ఇబ్బంది ఏమిటంటే చిన్న కంతలోంచి వచ్చే వెలుగు కొంచెమే, బొమ్మ మసకగా ఉంటుంది. పోనీ రెండు కంతలు పెడదామా అంటే రెండు బొమ్మలు పక్కపక్కన పడతాయి. వంద కంతలు పెడితే వంద బొమ్మలు ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా పడి చివరికి తెర అంతా ఉత్త తెల్లటి వెలుగే మిగులుతుంది.

లెన్స్ చేసే పని ఆ వంద బొమ్మలనూ జరిపి ఒకే చోట, అంచుకు అంచు కలిపి పేర్చడం. అంతే. గాజులో ప్రతి చిన్న ముక్కా తనంతట తాను పూర్తి బొమ్మ ఒకటి తెస్తుంది, ఆ ముక్క ఉన్న వాలును బట్టి ఆ బొమ్మ ఎంత జరగాలో అంత జరుగుతుంది. సగం ముక్కలు మూసేస్తే పేర్చిన బొమ్మల్లో సగం తగ్గుతాయి, మిగిలిన సగంలో ప్రతిదీ పూర్తి బొమ్మే. మా నాయనమ్మ పగిలిన అద్దం ముక్క గుండ్రటి సూర్యుడినే ఎందుకు చూపించిందో ఇప్పుడు తెలిసిందా? నమ్మకం కుదరకపోతే అట్టముక్కకు నాలుగైదు కంతలు పొడిచి భూతద్దం ముందు పెట్టి, కాస్త దూరంలో వెలిగే చిన్న బల్బు బొమ్మను తెర మీదకు తెచ్చుకోండి. తెర సరైన దూరంలో లేనప్పుడు నాలుగైదు బల్బులు విడివిడిగా కనిపిస్తాయి, తెర జరుపుతూ పోతే అవన్నీ దగ్గరకొచ్చి ఒక్కటైపోతాయి. కంటి పవర్ చూసే మెషీన్లలో కొన్ని ఇప్పటికీ ఈ సూత్రం మీదే పనిచేస్తాయి, దీన్ని 1619లో షైనర్ అనే ఆయన రాసిపెట్టాడు.

ఇక గాజు వెలుగును ఎలా జరుపుతుంది అనేది. ఖాళీలో వెలుగు సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. నీళ్ళలో 2 లక్షల 25 వేలు. మేము వాడే కళ్ళద్దాల గాజులో 2 లక్షలకు కాస్త తక్కువ. ఖాళీలో వేగాన్ని గాజులో వేగంతో భాగిస్తే వచ్చే 1.52 ఉంది కదా, పుస్తకంలో వక్రీభవన గుణకం అని భయపెట్టేది అదే. వేగం తగ్గితే దారి ఎందుకు మారాలి అంటే, గట్టి బాట మీద పోతున్న ట్రాక్టర్ దమ్ము చేసిన మడిలోకి ఏటవాలుగా దిగడం ఊహించుకోండి. ముందు దిగిన చక్రం బురదలో నెమ్మదిస్తుంది, ఇంకా గట్టి నేల మీద ఉన్న చక్రం అదే జోరుతో పోతుంది, బండి ముక్కు మడి వైపు తిరుగుతుంది. నేరుగా దిగితే రెండు చక్రాలూ ఒకేసారి నెమ్మదిస్తాయి, తిరగడం ఉండదు. మడి దాటి గట్టు ఎక్కేటప్పుడు ఇదే తలకిందులుగా జరుగుతుంది. కొలతలో చెప్పాలంటే, లంబానికి (గాజు మీద నిటారుగా నిలబెట్టిన గీతకు) 30 డిగ్రీల ఏటవాలుగా గాలిలోంచి వచ్చిన కిరణం గాజులో 19 డిగ్రీలకు దిగుతుంది. ఈ రెండు కోణాలనూ కలిపే లెక్కను (సైన్‌ల సూత్రం) పుస్తకాల్లో స్నెల్ పేరు మీద (1621) చెప్తారు గానీ అంతకు ఆరు వందల ఏళ్ళకు పైగా ముందే, 984లో, బాగ్దాద్‌లో ఇబ్న్ సహ్ల్ అనే పండితుడు ఎండతో మంట పుట్టించే అద్దాల గురించి రాస్తూ అదే లెక్క వాడాడు. ఆకులు కాల్చే యావ మనొక్కరిదే కాదన్నమాట.

కిటికీ అద్దంలో రెండు తలాలూ సమాంతరం కాబట్టి లోపలికి పోతూ ఎంత వంగిందో బయటికి వస్తూ అంత సర్దుకుంటుంది. తలాలు ఒకదానికొకటి వాలుగా ఉంటే సర్దుబాటు కుదరదు, మొత్తం మీద కిరణం మందంగా ఉన్న వైపుకు తిరుగుతుంది. కుంభాకార లెన్స్‌లో నడిమధ్యన వాలు లేదు, అంచుకు పోయేకొద్దీ వాలు పెరుగుతుంది, కాబట్టి అంచు దగ్గర పడిన కిరణం ఎక్కువ వంగుతుంది, మధ్యలో పడింది నేరుగా పోతుంది, అన్నీ ఒకే చోట కలుస్తాయి.

దీన్నే ఇంకో రకంగా కూడా చూడొచ్చు, నాకైతే ఇదే ఎక్కువ ఇష్టం. మేడారం జాతరకు పోయేటప్పుడు నేరుగా పోయే రోడ్డు మీద జామ్, చుట్టూ తిరిగి పోయే రోడ్డు పొడుగు కానీ ఖాళీ. రెండు దార్లలోనూ పోయినవాళ్ళు ఒకే గంటకు గద్దెల దగ్గర కలిసారనుకోండి. లెన్స్‌లో అదే జరుగుతుంది. మధ్యలోంచి పోయే దారి పొట్టిది కానీ అక్కడ గాజు మందం, అంటే జామ్ ఎక్కువ. అంచులోంచి పోయే దారి పొడుగు కానీ గాజు పలుచన. గాజును సరిగ్గా ఎంత మందంలో చెక్కితే అన్ని దార్లకూ పట్టే టైమ్ ఒకటే అవుతుందో అంత మందంలో చెక్కడమే మా పని. వెలుగు అలలన్నీ ఒకేసారి, ఎత్తుకు ఎత్తు కలిసి చేరిన చోట బొమ్మ పడుతుంది. వెలుగు ప్రయాణాన్ని టైమ్ లెక్కన చూడాలని 1662లో చెప్పినాయన ఫెర్మా, వృత్తికి లాయరు.

నీళ్ళలో ముంచితే లెన్స్ ఎందుకు చచ్చుబడుతుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. నీళ్ళకూ గాజుకూ వేగంలో తేడా తక్కువ, కాబట్టి 10 సెంటీమీటర్ల నాభ్యంతరం ఉన్న గాజు లెన్స్ నీళ్ళలో దాదాపు 40 సెంటీమీటర్లకు పోతుంది. మన కన్ను కూడా అంతే. కంటి మొత్తం పవర్ 60 చిల్లర, అందులో 43 దాకా ముందున్న కార్నియా వంపుదే, దాని వక్రీభవన గుణకం 1.376, నీళ్ళది 1.333, రెండూ దాదాపు ఒకటే కాబట్టి నీళ్ళలో ఆ పవర్ దాదాపుగా పోతుంది. చిన్నప్పుడు పొలం బావుల్లో దూకి కళ్ళు తెరిస్తే అంతా అలుక్కుపోయినట్టు కనిపించేది ఇందుకే.

పాఠ్యపుస్తకాల మీద నాకున్న ఒక్క కోపం ఇక్కడ చెప్పుకోవాలి. కొవ్వొత్తి కొస నుంచి రెండు గీతలు గీస్తారు, ఒకటి ప్రధానాక్షానికి (లెన్స్ నడిమధ్యలోంచి నేరుగా పోయే గీతకు) సమాంతరంగా, ఒకటి మధ్యలోంచి, రెండూ కలిసిన చోట బొమ్మ. పిల్లలకు అది చూసి ఆ రెండు కిరణాలే ఉంటాయని, కొవ్వొత్తి పై భాగం వెలుగు లెన్స్ పై భాగంలోంచే పోతుందని మనసులో ముద్ర పడిపోతుంది. మీకు వచ్చిన అనుమానం కూడా అక్కడి నుంచి వచ్చిందే. కొవ్వొత్తి కొస ఒక్కదాని నుంచే లెన్స్ అంతటి మీద వెలుగు పడుతుంది, మొదలు నుంచి కూడా లెన్స్ అంతటి మీద పడుతుంది. ఆ రెండు గీతలు గీయడానికి సులువు, అంతకు మించి వాటికి ఏ గొప్పా లేదు. నల్ల కాగితం ఆ రెండింటినీ అడ్డుకున్నా మిగతావి పోయి అక్కడే కలుస్తాయి. సూత్రం మీవాడికి ఎలాగూ వస్తుంది: 10 సెంటీమీటర్ల నాభ్యంతరం ఉన్న లెన్స్‌కు కొవ్వొత్తి 30 సెంటీమీటర్ల దూరంలో పెడితే బొమ్మ 15 సెంటీమీటర్ల దూరంలో, సగం సైజులో, తలకిందులుగా.

లెన్స్‌లు గోళం ముక్కల్లాగా ఎందుకుంటాయో కూడా చాలామంది పుస్తకంలో ఉందని ఒప్పేసుకుంటారు. అసలు కారణం మా గదిలో ఉంది. ఇనుప టూల్ మీద ఎమెరీ పొడి, నీళ్ళు పోసి గాజును అన్ని వైపులకూ తిప్పుతూ రుద్దుతూ పోతే, ఎటు తిప్పినా ఎటు జరిపినా రెండూ అతుక్కుని ఉండగల వంపు గోళం ఒక్కటే. ఎత్తుగా ఉన్నది అరిగిపోతుంది, మీరు వద్దన్నా గోళమే మిగులుతుంది. ముతక పొడితో మొదలుపెట్టి సన్న పొడికి వచ్చి, చివర సీరియం ఆక్సైడ్‌తో పాలిష్ పడితే గానీ గాజు తేటపడదు, ఎందుకంటే పైన మిగిలిన గరుకుదనం వెలుగు అల పొడవు కంటే చాలా తక్కువ ఉండాలి, ఆ అల పొడవేమో మిల్లీమీటరులో రెండు వేలో వంతు. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయి స్తంభాల గుడిలో నల్లరాతి స్తంభం మీది నునుపు చూసినప్పుడల్లా ఆ చేతుల పని నాకు నా భుజం నొప్పి రూపంలో గుర్తొస్తుంది. కాకపోతే గోళం వెలుగుకు సరైన వంపు కాదు. అంచు కిరణాలు కొంచెం ముందే కలుస్తాయి. కాగితం అంటించే తీరును బట్టి ఇదొక్కటి మారొచ్చు: అంచు చుట్టూ మూసి మధ్యలో వదిలితే బొమ్మ వెలుగు తగ్గినా ముందుకంటే స్పష్టంగా వస్తుంది. ఇంకో లోపం రంగులు. నీలం ఎర్ర కంటే ఎక్కువ వంగుతుంది. గాజులో ఇది కాస్త తక్కువే గానీ పాలికార్బనేట్‌లో ఎక్కువ, పెద్ద పవర్ వాళ్ళు ట్యూబ్‌లైట్ అంచున రంగులు కనిపిస్తున్నాయని వస్తే అది వాళ్ళ భ్రమ కాదు. అవి అంత తేలిగ్గా పగలవు కాబట్టి పిల్లలకు మాత్రం నేనూ అవే ఇస్తాను.

ఇప్పుడు అసలు చిక్కు. ఇదంతా పని నేర్చుకున్న కొత్తలో మా ఉస్తాద్‌కు గొప్పగా చెప్తే ఆయన ఒక బైఫోకల్ నా చేతిలో పెట్టి అడిగాడు: "అరే, లెన్స్‌లో ప్రతి ముక్కా పూర్తి బొమ్మ ఇస్తే, దీంట్ల పైముక్క దూరానికి, కిందిముక్క దగ్గరికి ఎట్ల పనిచేస్తదిరా? రెండు బొమ్మలు కలిసిపోవాలె కదా. అంతెందుకు, నా అద్దానికి సగం కాగితం అంటిస్తే నాకు సగం లోకం కనబడకుండా పోతదా పోదా?" పోతుంది. మీరూ చేసి చూడండి, కళ్ళద్దానికి కింది సగం కాగితం అంటిస్తే నేల కనబడదు. రెండు రోజులు నా దగ్గర జవాబు లేదు.

జవాబు కంటిపాపలో ఉంది. కళ్ళద్దాలు తెర మీద బొమ్మ వేసే లెన్స్ కావు, అసలు బొమ్మ వేసేది కన్ను, దాని తలుపు కంటిపాప, పగటి వెలుగులో 3, 4 మిల్లీమీటర్లు. మీరు ఒక దిక్కుకు చూసేటప్పుడు ఆ దిక్కు నుంచి వచ్చి కంటిపాపలో దూరే వెలుగు కళ్ళద్దంలో చిన్న బిళ్ళంత చోటులోంచే వస్తుంది, దిక్కు మారితే ఆ చోటూ మారుతుంది. కిందికి చూస్తే కిందిముక్క, ఎదురుగా చూస్తే పైముక్క. అందుకే బైఫోకల్ పనిచేస్తుంది, అందుకే కళ్ళద్దానికి కాగితం అంటిస్తే లోకం కత్తిరించినట్టు పోతుంది. మీ పిల్లవాడి ప్రయోగానికి సరైన పోలిక కావాలంటే కాగితాన్ని కంటిపాపకే సగం అడ్డం పెట్టాలి. అది కుదరదు గానీ, సన్నటి చీపురు పుల్లను కంటికి గుచ్చుకోకుండా అడ్డంగా, కళ్ళద్దం ఉంటే అద్దానికి ఆనించి పట్టుకుని దూరంగా చూడండి. పుల్ల కంటిపాప కంటే సన్నం కాబట్టి వెనకున్నవేవీ దాక్కోవు, మసక తెరలోంచి చూసినట్టు అన్నీ కనిపిస్తాయి. మోతిబిందు ఆపరేషన్‌లో ఈ రోజుల్లో పెట్టే మల్టీఫోకల్ లెన్స్ కంటిపాప వెనకాల, అంటే నిజంగా బొమ్మ వేసే చోట ఉంటుంది. అక్కడ ఉస్తాద్ చెప్పినట్టే దూరం బొమ్మ, దగ్గర బొమ్మ రెండూ ఒకేసారి పడతాయి, మెదడు కావాల్సింది ఏరుకుంటుంది. రాత్రి హెడ్‌లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తున్నాయని వాళ్ళలో కొందరు చెప్పేది దానివల్లే. మైనస్ అద్దాల సంగతి వేరే, అవి ఒక్కటే ఉంటే తెర మీద ఏ బొమ్మా వేయవు, దాని గురించి ఇంకోసారి.

ఇంట్లో చేసి చూడటానికి ఖర్చేమీ లేదు. ఇంట్లో పెద్దవాళ్ళ రీడింగ్ గ్లాస్, ప్లస్ 2 గానీ 2.5 గానీ, తీసుకుని పగటిపూట గదిలో లైట్లు ఆర్పి కిటికీకి ఎదురు గోడ దగ్గర నిలబడండి. ప్లస్ 2 అయితే గోడకు 50 సెంటీమీటర్ల కంటే కాస్త ఎక్కువ దూరంలో, 2.5 అయితే 40కి కాస్త ఎక్కువ దూరంలో పట్టుకుని ముందుకూ వెనక్కూ జరిపితే కిటికీ, బయటి చెట్టూ తలకిందులుగా గోడ మీద పడతాయి. ఇప్పుడు గాజు మీద వేలు అడ్డం పెట్టమనండి. బొమ్మ మీద వేలు నీడ ఎక్కడా కనబడదు. నల్ల కాగితంతో సగం మూసి చూడమనండి. ఆ తర్వాత రాత్రిపూట చిన్న ఎల్ఈడీ బల్బును అవతలి గోడ దగ్గర వెలిగించి, కావాలనే లెన్స్‌ను కాస్త ముందుకు జరిపి బొమ్మ చెదరగొట్టి చూడండి: సగం మూసిన లెన్స్‌తో ఆ చెదిరిన మచ్చ సగం బిళ్ళగా కనిపిస్తుంది, లెన్స్‌ను మళ్ళీ సరైన దూరానికి తెస్తే ఆ సగం బిళ్ళ ముడుచుకుపోయి బల్బు పూర్తిగా వస్తుంది. నేనైతే ఈ ప్రయోగం ముందు చేయించి తర్వాత పుస్తకం తెరిపిస్తాను.

ఎండతో చేస్తే మాత్రం పక్కన మీరు ఉండండి, లెన్స్‌లోంచి సూర్యుడి వైపు ఎట్టి పరిస్థితిలోనూ చూడనివ్వకండి. మచ్చ గుండ్రంగా కాకుండా తోకచుక్కలా గానీ గీతలా గానీ సాగితే సగం మూసినందువల్ల అనుకోకండి, గాజును వంకరగా పట్టుకున్నట్టు. సూర్యుడికి సరిగ్గా ఎదురుగా తిప్పండి, సర్దుకుంటుంది.